దవడ పన్ను నొప్పి: సర్కారు దంత ఆసుపత్రా, వీధి చివరి క్లినిక్కా?

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత ఆసుపత్రిలో రూట్ కెనాల్‌కు, అంటే పన్ను పీకకుండా లోపల శుభ్రం చేసి నింపే చికిత్సకు, అయ్యే ఖర్చు చాలా తక్కువ. కానీ ఓపీ పొద్దున పూట; చీటీ, ఎక్స్‌రే, ఆపైన మూడు నాలుగుసార్లు తిరగాలి. రోజుకూలీ చేసేవాళ్లకు ఆసుపత్రికి వచ్చిన ప్రతిసారీ ఆ రోజు కూలి పోయినట్టే. అసలు బరువు అదే. నొప్పి తగ్గగానే మధ్యలో మానేస్తారు. పంటి రంధ్రంలో అప్పటికి పెట్టిన తాత్కాలిక సిమెంటు అరిగి, లోపల మళ్లీ చీము పడుతుంది.

చాలా ప్రైవేటు క్లినిక్కులు రాత్రి దాకా తెరిచే ఉంటాయి, ఒకటి రెండు సిట్టింగుల్లో పని అయిపోతుంది. బిల్లు మాత్రం వేలల్లో, పన్ను మీద తొడిగే క్యాప్‌కు వేరే. మామూలు ఆరోగ్య బీమా దీన్ని భరించదు. అందుకే పీకించేసుకుంటారు. కింది దవడ పన్ను పోతే పక్కది ఒరుగుతుంది, పైది కిందికి దిగుతుంది.

పీకించే ముందు సర్కారు ఆసుపత్రికే వెళ్లమంటాం. తేదీలన్నీ మొదటిరోజే చీటీ మీద రాయించుకోండి, మేస్త్రీకి ముందే చెప్పుకోవచ్చు.