తెరిచిన హోల్డర్‌కు సరే, మూసిన డూమ్‌కు వద్దు: ఒక 9 వాట్ల ఎల్ఈడీ బల్బు సమీక్ష

వంద రూపాయల లోపు దొరికే ఈ బల్బును వెలుతురు విషయంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. హాలులోనూ వంటింట్లోనూ తెరిచి ఉన్న హోల్డర్లకు పెట్టినవి రెండు వేసవులు దాటినా నిలకడగా వెలుగుతున్నాయి. వాటితో పాటే కొని, వరండా సీలింగుకు బిగించిన గాజు డూమ్‌లో పెట్టినది మాత్రం ఏడాది తిరగకముందే కొన్నాళ్లు మినుకుమినుకుమని, చివరికి ఆరిపోయింది.

దాని తెల్లని టోపీ ఊడదీసి చూస్తే వెలుతురిచ్చే చిప్‌లన్నీ బాగానే ఉన్నాయి. వెనుకనున్న డ్రైవర్ బోర్డు (ఇంటి కరెంటును చిప్‌లకు సరిపడేలా మార్చే సర్క్యూట్) మీద, కరెంటు ఒడుదుడుకులను సర్దే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ మాత్రం పైభాగం ఉబ్బి, చుట్టూ బోర్డు గోధుమరంగుకు తిరిగి ఉంది. ఆ కెపాసిటర్ లోపల ఉండేది ద్రవం. వేడి పెరిగేకొద్దీ అది ఆవిరై ఎండిపోతుంది కనుక, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ రంగంలో అందరూ వాడే లెక్క. 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు పనిచేసే కెపాసిటర్, 75 డిగ్రీల వద్ద 16,000 గంటలు, అంటే రోజుకు ఆరు గంటల చొప్పున ఏడేళ్లకు పైగా నిలవాలి. 95 డిగ్రీలకు చేరితే అదే 4,000 గంటలకు, అంటే రెండేళ్లలోపుకు పడిపోతుంది. పైగా తలకిందులుగా వేలాడే బల్బులో వేడిగాలి పైకెక్కి చేరేది సరిగ్గా డ్రైవర్ ఉన్న చోటికే. మూసిన గాజులో అది బయటపడే దారి ఉండదు. ఇక మన మే నెల ఎండలకు కాలిన స్లాబు కింద ఆ డూమ్ పరిస్థితి వేరే చెప్పనక్కరలేదు.

అట్టపెట్టె మీద 25,000 గంటలని పెద్ద అక్షరాలతో వేసిన కంపెనీ, అది ఎంత ఉష్ణోగ్రత వద్ద లెక్కో ఎక్కడా చెప్పలేదు. మూసిన డూమ్‌లో వాడరాదన్న హెచ్చరికా లేదు. నా అసంతృప్తి ప్రధానంగా దీని మీదే. బల్బు ఒంటికి ప్లాస్టిక్ లోపల పలుచని అల్యూమినియం గిన్నె తప్ప వేడిని లాగే లోహం లేదు. చేతికి బరువుగా తగిలే పాత తరం ఎల్ఈడీ బల్బుల్లో ఈ పిసినారితనం ఉండేది కాదు.

దుకాణదారు గ్యారంటీ కింద మారుమాట లేకుండా కొత్తది ఇచ్చారు, అందుకు మెచ్చుకోవాలి. తెరిచిన హోల్డర్లకు దీన్ని నిస్సంకోచంగా కొనవచ్చు. డూమ్ తప్పనిసరైతే 5 వాట్ల రకమే తీసుకోండి, వెలుతురు కొంత తగ్గినా లోపల పుట్టే వేడీ తగ్గుతుంది.