అరటి స్టార్చ్‌కు కోల్డ్ ప్లాస్మా: పీణ్యలో మూడు విడతలు చేయించాక

బెంగళూరు యశ్వంతపురంలో మేము పచ్చి అరటికాయల నుంచి తీసిన స్టార్చ్‌తో జావపొడి తయారుచేసి అమ్ముతున్నాం. వేడిగా ఉన్నంతసేపు నున్నగా ఉండే ఈ జావ చల్లారితే గడ్డకట్టి, మర్నాటికి గిన్నె అంచుల వెంట నీరు వదులుతుంది. స్టార్చ్‌లోని అమైలోజ్ అనే పొడవైన అణువుల గొలుసులు చల్లబడ్డాక మళ్లీ దగ్గరికి చేరి బిగుసుకోవడమే ఇందుకు కారణం. హైపోక్లోరైట్ అనే బ్లీచింగ్ రసాయనంతో ఆక్సీకరించిన స్టార్చ్‌లో ఈ బాధ తగ్గుతుందని తెలిసినా, దాన్ని కడిగిన నీళ్లను ఎక్కడ వదలాలో తోచక, పీణ్య పారిశ్రామికవాడలో రుసుము తీసుకుని కోల్డ్ ప్లాస్మా చేసిపెట్టే ఒక చిన్న ప్రయోగశాలకు మూడు విడతలుగా సరుకు పంపాను.

రెండు లోహపు పలకల మధ్య గాజు అడ్డుపెట్టి కొన్ని వేల వోల్టుల విద్యుత్తు ఇస్తే, నడుమనున్న గాలి ఊదారంగులో మెరుస్తూ కొంతమేర అయనీకరణ చెందుతుంది, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా విడిపోతుంది. ఇదే కోల్డ్ ప్లాస్మా. వేడి పెద్దగా పుట్టదు కనుక పిండి ఉడకదు, మాడదు. అందులో పుట్టే ఓజోన్, పరమాణు ఆక్సిజన్ వంటివి స్టార్చ్ రేణువుల పైపొరను గరుకు చేసి, పొడవైన గొలుసులను అక్కడక్కడా తెంపుతాయి. దాంతో జావ చిక్కదనం తగ్గుతుంది. అయితే వాయువు, శక్తి మారితే ఇదే ప్లాస్మా గొలుసులను ఒకదానికొకటి ముడివేసి చిక్కదనాన్ని పెంచనూ వచ్చు. కాబట్టి ఏ వాయువు, ఎంత వోల్టేజి, ఎన్ని నిమిషాలు అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి.

మొదటి విడత నన్ను నిజంగా సంతోషపెట్టింది. పళ్లెంలో పలుచగా పరచి 10 నిమిషాలు ఉంచిన పొడితో కాచిన జావ మర్నాడు ఉదయం కూడా గరిటె నుంచి ధారగా జారింది. రెండో విడతలో మాత్రం తొందరపడి దాదాపు సెంటీమీటరు మందాన పోసి, కలపకుండానే సంచికెత్తారు. ప్లాస్మా ప్రభావం తనకు తగిలిన పైపొర మీదనే ఉంటుంది. అడుగు పొడి మారకుండా మిగిలిపోయి, ఒకే సంచిలోంచి తీసిన రెండు చెంచాల్లో ఒకటి ధారగా, ఇంకొకటి జున్నులా వచ్చింది. తప్పు ఒప్పుకుని ఉచితంగానే మళ్లీ చేశారు గాని, అందుకు 12 రోజులు పట్టడంతో ఒక ఆర్డరు మా చేజారింది.

గాలితో చేసే ప్లాస్మాలో నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా పుడతాయి గనుక పొడికి కొంత ఆమ్లగుణం వస్తుంది. పాలతో కాచేవారు ముందుగా పీహెచ్ కాగితంతో చూసుకోవాలి, లేకుంటే పాలు విరగవచ్చు. ఆ ప్రయోగశాల కరపత్రంలోని ‘షుగరు ఉన్నవారికి మేలు’ అన్న మాటతో నేను ఏకీభవించను. పచ్చి అరటి స్టార్చ్ సులువుగా అరగదన్నది నిజమే, కానీ ఉడికిస్తే ఆ గుణం చాలావరకు పోతుంది, జావ ఉడికించకుండా తాగేది కాదు.

మూడో విడతకు పొడిని ఆరబెట్టి, జల్లెడ పట్టి ఇచ్చి, 3 మిల్లీమీటర్లకు మించకుండా పరచాలని, సగం సమయం గడిచాక ఒకసారి కలియదిప్పాలని కాగితం మీద రాసిచ్చాను. ఈసారి సంచి పైనుంచి తీసినా, అడుగునుంచి తీసినా జావ ఒకేలా వచ్చింది. ఆ కాగితం పాటించినంతకాలం సరుకు వారికే పంపుతాను.