శ్రీకాకుళంలో ఏసీ సర్వీసు: నమ్మదగిన పనితనం

మన శ్రీకాకుళం ఉక్కపోతలో గదిని చల్లబరచడంతో పాటు గాలిలోని తేమను లాగేయడం కూడా ఏసీకి పెద్ద పనే. ఏడు రోడ్ల కూడలి దగ్గరి ఒక దుకాణం నుంచి వచ్చిన మెకానిక్, గ్యాస్ తగ్గిందని వెంటనే తేల్చేయకుండా, ముందు ఫిల్టర్లు తీసి, ఇండోర్ కాయిల్‌ను, బ్లోయర్‌ను ప్రెషర్ పంపుతో కడిగి, డ్రెయిన్ పైపులో పేరుకున్న నల్లటి జిగురును బయటికి తీశాక, గోడ మీదుగా కారుతున్న నీరు పూర్తిగా ఆగిపోయింది. లీకు లేనిదే గ్యాస్ తగ్గదనీ, ఏటా నింపించుకోనక్కరలేదనీ ఆయన స్పష్టంగా చెప్పడం నాకెంతో నచ్చింది. కొత్తది కొనేటప్పుడు ఉప్పుగాలికి తట్టుకునే పూత ఉన్న రాగి కాయిల్ ఇన్వర్టర్ ఏసీ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేది) మేలన్నారు. టన్నేజీ, అంటే ఏసీ చల్లబరిచే సామర్థ్యం, గదికి మించితే గది త్వరగా చల్లబడి కంప్రెసర్ ముందే ఆగుతుందనీ, దాంతో గాలిలో తేమ మిగిలిపోతుందనీ హెచ్చరించారు. చెప్పిన వేళకు రాకపోవడం మాత్రం లోపమే.