స్టాండింగ్ డెస్కా, మంచి కుర్చీయా? మెడ, నడుం నొప్పికి ఏది నయం

మెడ పట్టేసింది, నడుం లాగుతోంది అంటే చాలు అందరూ స్టాండింగ్ డెస్క్ (నిలబడి పనిచేసుకునే ఎత్తు బల్ల) కొనెయ్ అంటారు, కొనేముందు ఒక్కసారి ఇది చదవండి, నేను రెండూ వాడాను.

డెస్క్ సంగతి ముందు. 2011లో అమెరికాలోని మినియాపొలిస్‌లో కొంతమంది ఆఫీసు ఉద్యోగులకి కూర్చునీ నిలబడీ వాడుకునే డెస్కులు ఇచ్చి చూశారు, రోజుకి కూర్చునే టైమ్ 66 నిమిషాలు తగ్గింది, మెడ, వీపు పైభాగం నొప్పి 54 శాతం తగ్గింది, డెస్కులు తీసేసిన రెండు వారాలకి ఆ లాభం చాలావరకు పోయింది. చిన్న స్టడీయే, అయినా నాకు నమ్మకం కలిగించింది అదే. కానీ చూడండి, అక్కడ తగ్గింది మెడ, వీపు పైభాగం, నడుం గురించి అంత గట్టిగా చెప్పలేం. పైగా రోజంతా నిలబడితే మడమలు, పిక్కలు పీకేస్తాయి, వెరికోస్ వెయిన్స్ (కాళ్ళలో ఉబ్బిన సిరలు) ఉన్నవాళ్ళకి ఇంకా కష్టం.

కుర్చీలో నడుముకి ఆనిక, కాళ్ళకి రెస్ట్. కాకపోతే ల్యాప్‌టాప్ టేబుల్ మీదే పెట్టి కిందకి చూస్తూ కూర్చుంటే ఎంత ఖరీదు కుర్చీ అయినా మెడని కాపాడలేదు, తల బరువే దాదాపు 5 కిలోలు, ముందుకి వంగేకొద్దీ మెడ కండరాల మీద భారం పెరుగుతూనే ఉంటుంది. ల్యాప్‌టాప్ కింద నాలుగు లావు పుస్తకాలు పెట్టి స్క్రీన్ పైఅంచు కంటి ఎత్తుకి తెచ్చి, కీబోర్డు, మౌస్ వేరేగా పెట్టుకుని, మోచెయ్యి 90 డిగ్రీల్లో ఉండేలా చూసుకోవాలి. నిలబడినా ఇదే లెక్క.

మెడ నొప్పయితే ముందు స్క్రీన్ ఎత్తు సరిచేయండి, అరగంటకోసారి లేవండి, అప్పటికీ తగ్గకపోతే డెస్క్ కొనండి. నొప్పి చేతిలోకో కాల్లోకో పాకుతున్నా, తిమ్మిరి ఉన్నా రెండూ పక్కనపెట్టి డాక్టర్‌కి చూపించుకోండి.