సెకండ్ హ్యాండ్ బండికి వారంటీ: రెండేళ్లు, 34 వేల కిలోమీటర్లు తిరిగాక

2023 మార్చిలో హైదరాబాద్‌లో ఒక పాత బండ్ల షోరూమ్‌లో 150 సీసీ బండి కొన్నాను. 2020 నవంబర్ మోడల్, బీఎస్6 (అంటే కొత్త పొల్యూషన్ రూల్స్ బండి), రీడింగ్ 31,400, ధర 72 వేలు. డబ్బు కట్టేసి తాళం చెవి కోసం కూర్చున్నాక అక్కడి కుర్రాడు ఇంకో కాగితం ముందు పెట్టాడు. "సార్, ఏడాది ఎక్స్‌టెండెడ్ వారంటీ. ఇంజిన్, గేర్‌బాక్స్, ఫ్యూయల్ పంప్, ఇంజిన్ కంప్యూటర్ ఈసీయూ అన్నీ కవర్. మీకు టెన్షన్ ఉండదు." 4,200 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 4,956. బండికి 72 వేలు పెట్టినవాడికి ఐదు వేలు చిల్లరలాగే కనిపిస్తాయి. సంతకం పెట్టేశాను.

నిజానికి నాకు భయం లేకపోలేదు. ఇదివరకటి కార్బురేటర్ బండి మొరాయిస్తే మెకానిక్ జెట్టు విప్పి, ఊది, బిగించి వంద రూపాయలు తీసుకునేవాడు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చాక చిన్న బండ్లు కూడా దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షనే. పంపు పోయినా, సెన్సర్ పోయినా ఊదితే బాగుపడేవి కావు, మార్చాల్సిందే.

కాగితంలో "12 నెలలు లేదా 12,000 కి.మీ., ఏది ముందైతే అది" అని ఉంది. చదివాను, లెక్క మాత్రం వేసుకోలేదు. కూకట్‌పల్లి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి రోజూ పోనూ రానూ 40 కిలోమీటర్లు, నెలకు రెండుసార్లు సూర్యాపేట. నెలకు 1,500 ఈజీగా తిరుగుతాను. ఏడాది వారంటీ నాకు ఎనిమిది నెలల్లోనే అయిపోయింది.

మొదటి క్లెయిమ్ మే చివర్లో వచ్చింది. సూర్యాపేట వెళ్తుంటే చిట్యాల దాటాక బండి రెండుసార్లు గుంజి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతోంది, అంటుకోవడం లేదు. తాళం ఆన్ చేయగానే ట్యాంకు కింద 'జుయ్' మని వినిపించే పంపు చప్పుడు లేదు. వారంటీ వాళ్లకు ఫోన్ చేస్తే, "రోడ్‌సైడ్ అసిస్టెన్స్ మీ ప్లాన్‌లో లేదు సార్, బండి మా వర్క్‌షాప్‌కి తీసుకురండి" అన్నారు. బైకులకు టోల్ లేదని సంబరపడుతూ తిరిగే ఆ రోడ్డు మీదే ట్రాలీ ఆటోకి 1,800 ఇచ్చి బండిని వెనక్కి తెచ్చాను.

షోరూమ్ వాళ్ల వర్క్‌షాప్‌లో మొదటి ప్రశ్న, ఆర్సీ ఎవరి పేరు మీద ఉందని. పాత ఓనర్ ఫైనాన్స్‌లో కొన్న బండి అది. అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫామ్ 35 ఆలస్యమై ఆర్సీ మీద హెచ్‌పీ (బ్యాంకు తాకట్టు ఎంట్రీ) తీయలేదు, దాంతో పేరు మార్పుకి ఫామ్ 29, 30 పెట్టినా నా పేరు ఎక్కలేదు. ఆలస్యం చేసింది అమ్మినవాళ్లే, పేరు లేదని అడిగిందీ వాళ్లే! డెలివరీ నోట్, ట్రాన్స్‌ఫర్ రసీదు చూపిస్తే అప్పుడు ఒప్పుకున్నారు. తర్వాత అడ్వైజర్ ట్యాంకులోంచి కొంచెం పెట్రోల్ ఖాళీ నీళ్ల సీసాలోకి పట్టి, గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. అడుగున నీటి చుక్క గానీ తుప్పు గానీ కనిపిస్తే కల్తీ పెట్రోల్ కింద క్లెయిమ్ పోతుంది. ఇంటర్ రిజల్ట్స్ రోజు కూడా నేను అంత టెన్షన్ పడలేదు. సీసా శుభ్రంగానే ఉంది. తొమ్మిది రోజులకు పంపు మార్చి ఇచ్చారు. 4,700 పార్టు వాళ్లది, లేబర్ 600 నాది.

రెండోది సెప్టెంబర్‌లో. ఉదయం స్టార్ట్ చేయగానే ఇంజిన్ పక్కన టకటకమని చప్పుడు, ఇంజిన్ లోపలి టైమింగ్ చైన్. ఈసారి క్లెయిమ్ కొట్టేశారు. మూడు వేల కిలోమీటర్లకు ఒకసారి వాళ్ల దగ్గరే సర్వీస్ చేయించాలన్నది షరతు. నేను 3,640కి, మూసాపేటలో మా పాత మెకానిక్ దగ్గర ఆయిల్ మార్పించాను. ఆయన రాసిచ్చిన చీటీని వాళ్లు బిల్లుగా లెక్కపెట్టలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామని నంబర్ కూడా నొక్కాను. కానీ ఆ షరతు రెండో పేజీలో ఉంది, కింద నా సంతకం ఉంది. చివరికి 2,900 ఇచ్చి మెకానిక్ దగ్గరే చేయించాను. "తమ్మీ, కాగితం జేబుల పెట్టుకో, బండి నా దగ్గర పెట్టు" అని ఒకటే నవ్వు.

ఇంతవరకూ అయితే ఈ ప్లాన్‌కి "పరవాలేదు" అనేవాడిని. ఐదు వేలు కట్టాను, దాదాపు ఐదు వేల పార్టు వచ్చింది.

అసలు దెబ్బ 2024 జనవరిలో తగిలింది. మీటర్‌లో ఇంజిన్ లైటు వెలిగితే, వారంటీ ఎలాగూ లేదు కదా అని బండి కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లాను. చాసిస్ నంబర్ కొట్టి, ఆ అమ్మాయి స్క్రీన్ చూస్తూ మామూలుగా అంది: "సార్, దీనికి కంపెనీ వారంటీ మొన్న నవంబర్ దాకా ఉంది కదా. పాత ఓనర్ సర్వీసులన్నీ ఎంట్రీ ఉన్నాయి. ఓనర్ మారినా పోదు." అంటే మేలో పంపు పోయిన రోజున, లేబర్‌తో సహా ఉచితంగా మార్చే వారంటీ బండికి ఉండనే ఉంది. దాని సంగతి అమ్మినవాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. ఆ తొమ్మిది రోజులు ఆఫీసుకు క్యాబ్‌లో తిరిగిన ఖర్చు ఇక్కడ రాయను, ఇంట్లోవాళ్లు కూడా చదువుతారు.

షోరూమ్ వాళ్లు తమ వారంటీ ప్లాన్ పొడిగించుకోమని 5,200 అడిగారు, వద్దన్నాను. ఆ తర్వాత ఇప్పటిదాకా వెనక టైరు, చైన్ స్ప్రాకెట్ సెట్, క్లచ్ ప్లేట్లు, బ్యాటరీకి 11 వేల చిల్లర అయ్యింది. ఇవన్నీ అరుగుదల కింద లెక్క, ప్లాన్ ఉన్నా ఒక్క రూపాయి వచ్చేది కాదు. పాత బండికి ఎక్కువగా పోయేవి ఇవే. ఇంకో మాట, వారంటీని ఇన్సూరెన్సుతో కలపకండి. వానలో ఇంజిన్‌లోకి నీళ్లు పోయి పాడైతే మామూలుగా వారంటీ రాదు, బేసిక్ పాలసీ కూడా రాదు. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ వేరుగా తీసుకోవాలి.

అసలు తీసుకోవద్దని కాదు. కంపెనీ వారంటీ అయిపోయిన ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి, నెలకు ఆరేడు వందల కిలోమీటర్లే తిరుగుతారు, వాళ్ల వర్క్‌షాప్ ఇంటికి దగ్గర, అలాగైతే నేనైనా తీసుకుంటాను. నాలాగా తిరిగేవాళ్లకు మాత్రం దండగ.

సూర్యాపేటలో మా బామ్మర్ది ఇప్పుడు సెకండ్ హ్యాండ్ బండి చూస్తున్నాడు. ముందు చాసిస్ నంబర్ ఫోటో తీసి పంపరా అన్నాను. వారంటీ ప్లాన్ పాంప్లెట్ ఫోటో మూడుసార్లు పంపాడు. చాసిస్ నంబర్ ఇంకా రాలేదు.