తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి? వరంగల్ వైపు మూడు రోజులు

పెద్దపల్లి దగ్గర ఒక పల్లెలో మా తాతగారి భవంతి ఉంది. తాతగారు పట్వారీ. 1984లో ప్రభుత్వం ఆ పదవుల్ని రద్దు చేసేదాకా ఊరి భూముల లెక్కలన్నీ మా ఇంటి కచ్చీరులోనే, అంటే ఆయన ఆఫీసు గదిలోనే ఉండేవి. నడిమిట్ల వాకిలి, చుట్టూ నాలుగు వైపులా అర్రలు, టేకు దూలాలు, పెరట్లో గిరక బావి. ఇప్పుడక్కడ ఎవరూ ఉండటం లేదు. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు అమ్మేద్దామని ఒకరన్నారు, కూల్చి ఫంక్షన్ హాలు కడదామని మరొకరన్నారు. నేనూ మా చిన్నక్కా మాత్రం మ్యూజియంగా నిలబెడదామన్నాం. అనడం తేలికే. రోజూ తలుపు ఎవరు తీస్తారు, ఎవరు ఊడుస్తారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు అని బావ అడిగితే మా దగ్గర జవాబు లేదు. నాలుగు చోట్లు చూస్తే తెలుస్తుందని ఫిబ్రవరిలో బయల్దేరాం.

కరీంనగర్ నుంచి హనుమకొండకు ఎక్స్‌ప్రెస్ బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే మహాలక్ష్మి పథకం కింద జీరో టికెట్ ఇచ్చారు. ఇద్దరు ఆడవాళ్లు తిరగడానికి ఇదెంత ధైర్యమో వేరే చెప్పక్కర్లేదు. మొదటి రాత్రి దిగిన లాడ్జి మాత్రం బాగాలేదు. ఫోన్‌లో చూసిన ఫోటోలకూ గదికీ పోలికే లేదు. గోడకు చెమ్మ, ఉదయం ఏడు దాటితే వేడినీళ్లు బంద్. వాటికన్నా, "మగవాళ్లెవరూ రాలేదా మేడమ్?" అని కౌంటర్ దగ్గర రెండుసార్లు అడగడం మనసుకు కష్టంగా అనిపించింది. మర్నాడు ఒక కుటుంబం నడుపుకునే చిన్న గెస్ట్‌హౌస్‌కు మారాం. గది 1,600 రూపాయలు, పొద్దున టిఫిన్ కలిపే. వాళ్లమ్మగారు సర్వపిండి చేసిపెట్టారు. వరంగల్ వైపు వెళ్లే ఆడవాళ్లకు నా సలహా ఒకటే. గది ఫోటోలు చూసి ఊరుకోకుండా ఒకసారి ఫోన్ చేసి మాట్లాడండి, ఆ గొంతులోనే సగం తెలిసిపోతుంది.

మొదటి రోజు వేయి స్తంభాల గుడి, కోట చూశాం. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? సాయంత్రం ఎండ ఆ నల్లరాతి మీద పడుతున్నప్పుడు వెళ్లండి, అంతే. కోటలో నాలుగు తోరణాల మధ్య తిరిగి, ఖుష్ మహల్‌లో పెట్టిన శిల్పాలు కూడా చూశాం. బాలసముద్రంలో 2024 నవంబరులో తెరిచిన కాళోజీ కళాక్షేత్రం పెద్ద భవనం, అంత గొప్ప ప్రజాకవి పేరుకు తగినట్టే ఉంది. అయినా మేం వెతుకుతున్నది వేరు. ఒక మనిషి ఏ గడప మీద కూర్చుని చుట్ట కాల్చాడో, అన్నం ఎవరు వండారో, నీళ్లు ఎవరు మోశారో చెప్పేది ఇల్లే.

రెండో రోజు కారు మాట్లాడుకున్నాం, రోజుకు 2,800. డ్రైవర్ తమ్ముడు ఎంతో ఓపికస్తుడు. పాలకుర్తి మీదుగా విసునూరు వెళ్లాం. విసునూరు దేశ్‌ముఖ్ గడి (దొర ఉండే కోటలాంటి ఇల్లు) పేరు వింటే ఇప్పటికీ అక్కడి ముసలివాళ్ల ముఖం మారుతుంది. పాలకుర్తిలో తను పండించిన పంటను దొర మనుషులు ఎత్తుకుపోకుండా చాకలి ఐలమ్మ నిలబడింది ఆ గడి దొరకు ఎదురుతిరిగే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగిందీ ఆ దొర మనుషులతో తలపడ్డప్పుడే. గడి పాడుబడి ఉంది. అక్కడ నిలబడితే నా మనసులో మాట ఒకటి గట్టిపడింది. మన తెలంగాణలో పాత ఇంటిని మ్యూజియం చేయడమంటే తల్వార్లు, పందిరి మంచాలు, తలపాగాల ఫోటోలు వరసగా పెట్టడం కాదు. ఆ ఇంటి వాకిట్లో వెట్టి చేసినవాళ్ల మాట అందులో లేకపోతే ఊరివాళ్లు ఎవరూ దాన్ని తమదనుకోరు. ఐలమ్మ ఊళ్లో ఇది ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. మా ఊళ్లో, మా ఇంట్లో చెప్పుకోవాలి. మా తాతగారు మంచివారే. అయినా ఆయన కచ్చీరు అరుగు ఎక్కే హక్కు ఊళ్లో సగం మందికి లేదు.

అదే రోజు మధ్యాహ్నం ఇంకో ఊళ్లో ఒక పెద్దమనిషి పాత ఇంటికి వెళ్లాం. దాన్ని మ్యూజియంగా పెట్టి కొన్నేళ్లయింది. ఊరి పేరు చెప్పను. మేం వెళ్లేసరికి తాళం వేసి ఉంది. పక్కింటి అవ్వ బయటికొచ్చి, "తాళం చెవి మా కొడుకు దగ్గరున్నది బిడ్డా. పొలం కాడికి పోయిండు. గిట్ల కూసోండ్రి, మంచినీళ్లు తాగుండ్రి" అంది. రెండు గంటలు కూర్చున్నాం. ఆ రెండు గంటల్లో ఆ అవ్వ చెప్పినంత కథ లోపల ఏ బోర్డు మీదా లేదు! ఏ అర్రలో పురుళ్లు పోసేవారు, గింజలు ఎక్కడ దాచేవారు, రజాకార్ల రోజుల్లో ఆడవాళ్లు ఎటువైపు నుంచి పారిపోయారు, అన్నీ వేళ్లతో చూపిస్తూ చెప్పింది. ఆమె మాట ఎవరూ రికార్డు చేయలేదు. అడిగినవాళ్లే లేరట.

తలుపు తీశాక చూస్తే కడుపు తరుక్కుపోయింది. సున్నపు గోడ మీద సిమెంటు పూత పూశారు. డంగు సున్నం గోడ తేమను పీల్చి మళ్లీ బయటికి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ తేమకు దారి ఉండదు. లోపలే ఉండి గోడను తినేస్తుంది. ఇక్కడ మోకాలెత్తు దాకా పూత ఉబ్బి రాలుతోంది. టేకు స్తంభాలకు మేకులు కొట్టి ట్యూబులైట్లు బిగించారు. పడమటి కిటికీకి ఎదురుగా పెట్టిన ఫోటోలు వెలిసిపోయి, మనుషుల ముఖాలు తెల్లగా అయిపోయాయి. పాత ఉత్తరాలను లామినేషన్ చేశారు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది కానీ, ఆ ప్లాస్టిక్‌లోంచి కాగితాన్ని మళ్లీ క్షేమంగా తీయలేం. ఏ వస్తువు ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో రాసుకున్న రిజిస్టర్ లేదు. ఆడవాళ్లకు టాయిలెట్ లేదు. తాళం తీసిన ఆ తమ్ముడికి ఆరు నెలలుగా డబ్బులు రాలేదట. పైగా చీపురు కూడా సొంత డబ్బుతో కొన్నాడు. తప్పు అతనిది కానే కాదు. ప్రారంభించిన రోజు రిబ్బన్‌కు, శిలాఫలకానికి ఖర్చు పెట్టినవాళ్లు మర్నాటి నుంచి దీన్ని ఎవరు చూసుకోవాలో ఆలోచించలేదు. అక్క తన డైరీలో ఆ రోజు రాసుకున్నది రెండు ముక్కలే, "ముందు జీతం. తర్వాత పెయింటు."

ఇక్కడ దోమకొండ మాట ఎత్తక తప్పదు. కామారెడ్డి జిల్లాలో ఉన్న ఆ కోటను కామినేని కుటుంబం ఏళ్ల తరబడి ఓపిగ్గా బాగు చేయించుకుంది. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో దానికి గుర్తింపు వచ్చింది. బావ ఇంతకుముందు వెళ్లొచ్చాడు. అద్దాల మేడ అందం గురించి ఇప్పటికీ చెబుతుంటాడు. మహాదేవుడి గుడి కోటలోపలే ఉంది. దేవుడి కోసం వచ్చేవాళ్లుంటే ఆ చోటు చచ్చిపోదు. అంత డబ్బు మాకెక్కడిది అని మేం అనుకోవచ్చు. సున్నం పనిని సున్నంతోనే చేయించాలన్న పట్టుదలకు మాత్రం కోట అక్కర్లేదు, మా భవంతికీ అదే వర్తిస్తుంది.

మూడో రోజు ఇంటిదారి పట్టాం. హుస్నాబాద్ రోడ్డు మీద ముందు ముల్కనూరు వస్తుంది. అక్కడి సహకార సంఘం 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి గారి పూనికతో మొదలైంది, ఇప్పటికీ నిలబడి ఉంది. అది మ్యూజియం కాదు. అయినా ఈ ప్రయాణంలో నాకు ఎక్కువ పనికొచ్చిన చోటు అదేనేమో. ఒక ఊరి మనుషులు తమ సొమ్ము తామే వేసుకుని, తమ ముందే లెక్క చెప్పించుకుంటే ఒక సంస్థ తరాలు దాటి నడుస్తుందని అక్కడ కళ్లముందే కనిపిస్తుంది. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన మాటల్లో మాట కలిపి, "లెక్క దాస్తే ఒక్క ఏడాది సుత నడువదమ్మా" అన్నారు. మా ఇంటికి కమిటీ వేసేటప్పుడు మా కుటుంబం వాళ్లు సగానికి మించకూడదని అక్కడే అనుకున్నాం.

ముల్కనూరు నుంచి వంగర దగ్గరే. పి.వి. నరసింహారావు గారు 1921లో లక్నేపల్లిలో పుట్టి, ఈ ఊరికి దత్తత వచ్చారు. దేశ ప్రధాని అయ్యారు. 2024లో భారతరత్న ప్రకటించారు. ఆయన ఇంటిని కుటుంబ సభ్యులు ఆయన జ్ఞాపకాలతో మ్యూజియంగా మార్చారు. భూసంస్కరణలు తెచ్చిన ముఖ్యమంత్రి సొంత ఊళ్లో, సొంత ఇంటి ముందు నిలబడటం నాకు చాలా పెద్ద విషయంగా అనిపించింది. ఢిల్లీలో చూస్తే ఆయన మాజీ ప్రధాని. ఇక్కడ ఊరివాళ్ల నోట ఆయన "మా పీవీ సారు". పక్కింటివాళ్లు అలా అనగలిగితే ఆ ఇల్లు సగం బతికినట్టే. వెళ్లేవాళ్లు ముందు రోజు ఊళ్లో ఎవరికైనా ఫోన్ చేయించి, తెరిచి ఉంటుందో లేదో కనుక్కుని వెళ్లండి. దగ్గర్లో హోటళ్లు తక్కువ, ముల్కనూరులోనే తినేయడం మంచిది. పిల్లల్ని తీసుకెళ్తే అటునుంచి కొత్తకొండ వీరభద్రస్వామి గుడి కూడా చూపించండి.

ఇంటికొచ్చిన మర్నాడు కరీంనగర్ బస్టాండ్ దగ్గర మా భవంతి తాళానికి రెండు మారు చెవులు చేయించాం. ఒకటి ఊరి మహిళా సంఘానికి ఇస్తాం. తెరిచినందుకు, ఊడ్చినందుకు నెలకింత అని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లం తలా కొంత వేసి బ్యాంకులో పెట్టాం. రెండేళ్ల జీతం అందులో ముందే ఉంది. ఉర్దూలో ఉన్న తాతగారి కాగితాలు చదివి పెట్టమని ఒక రిటైర్డ్ మాస్టారిని బతిమాలుకున్నాం. ఆయన ఒప్పుకున్నారు.

పోయిన వారం మా ఇంట్లో నీళ్లు మోసిన కుటుంబంలోని పెద్దమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమెకు ఎనభై దాటాయి. మ్యూజియం అంటే ఏమిటో చెప్పి, మీరొచ్చి మాట్లాడాలి, మీ మాట రికార్డు చేస్తాం అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ముందుగాల పెరటి దర్వాజ తెరువుండ్రి బిడ్డా. మేం అటుకెల్లే వచ్చెటోళ్లం" అంది.

ఆ దర్వాజ ఇరవై ఏళ్లుగా మూసే ఉంది, గొళ్లెం తుప్పు పట్టి కదలడం లేదు. ఆదివారం కమ్మరి వస్తానన్నాడు.