ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి 1310 క్రాస్‌లు, సెంటరింగ్ కిట్: ఏది కొనాలి, ఎక్కడ తేడా వస్తుంది

జీప్ చెరొకీ ఎక్స్‌జే, రాంగ్లర్ టీజే బండ్ల ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి (ముందు యాక్సిల్‌కి శక్తిని చేర్చే కడ్డీ) ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక యాక్సిల్స్‌కి పంచే పెట్టె) వైపు డబుల్ కార్డన్ జాయింట్ ఉంటుంది, అంటే పక్కపక్కనే రెండు క్రాస్‌లు. క్రాస్ అంటే షాఫ్ట్ వంపులో తిరగడానికి వీలిచ్చే ప్లస్ ఆకారపు కీలు. యాక్సిల్ పినియన్ (యాక్సిల్‌ని తిప్పే గేరు) వైపు ఒక్కటే క్రాస్. కాబట్టి షాఫ్ట్‌ని పూర్తిగా బాగు చేయాలంటే మూడు క్రాస్‌లు, ఒక సెంటరింగ్ కిట్ (రెండు క్రాస్‌ల మధ్య ఉండే బాల్, దాని సీటు), పినియన్ యోక్‌కి (క్రాస్‌ని రెండు చెవులతో పట్టుకునే భాగం) కొత్త స్ట్రాప్‌లు, బోల్టులు కావాలి. ఇక్కడ చూస్తున్నవి స్పైసర్ కంపెనీ 1310 సిరీస్ భాగాలు. 5-153ఎక్స్ అనే క్రాస్‌కి గ్రీస్ నిపిల్ ఉంటుంది, 5-1310ఎక్స్ సీలు వేసి వస్తుంది.

క్రాస్‌ల నాణ్యతకు వంక పెట్టడానికేమీ లేదు. చిక్కంతా సెంటరింగ్ కిట్‌తోనే. మూడు క్రాస్‌లు మార్చి పాత బాల్‌ని అలాగే వదిలేసేవాళ్లు ఎక్కువ. అలా చేసిన షాఫ్ట్ మళ్లీ కిచకిచమంటూ కిందికి దిగుతుంది, కొత్త క్రాస్‌లు కూడా దాంతోపాటే పాడవుతాయి.

ఈ బండ్లకు చక్రాన్ని యాక్సిల్ నుంచి విడదీసే ఫ్రీ వీలింగ్ హబ్‌లుండవు. యాక్సిల్ డిస్‌కనెక్ట్ లేని మోడళ్లలో టూ వీల్‌లో నడుస్తున్నా ముందు షాఫ్ట్ చక్రాలతోపాటు తిరుగుతూనే ఉంటుంది. ఫోర్ వీల్ వేయనే వేయని బండిలో కూడా క్రాస్‌లు అరిగేది అందుకే. జాయింట్ వేగంలో విరిగితే షాఫ్ట్ విసురుగా తిరిగి గేర్ బాక్స్ కేసింగ్‌నే పగలగొట్టగలదు. శబ్దం మొదలయ్యాక వాయిదా వేసే పని కాదిది.

కొనేముందు కొలత తీసుకోండి. 1310 క్రాస్ కప్పు (క్రాస్ కాలి చివర తొడిగే బేరింగ్ మూత) వ్యాసం 1.062 అంగుళాలు, అంటే సుమారు 27 మి.మీ. ఒక కప్పు చివరి నుంచి ఎదుటి కప్పు చివరి వరకు 3.219 అంగుళాలు, దాదాపు 81.8 మి.మీ. 1330 సిరీస్‌కీ కప్పు అంతే ఉంటుంది, వెడల్పు మాత్రం 3.625 అంగుళాలు. కప్పు ఒక్కటే కొలిచి ఆర్డర్ పెడితే తప్పు క్రాస్ రావడం ఖాయం. పాత షాఫ్ట్ మీద ఇదివరకే ఎవరో చేయి వేసి ఉండొచ్చు, కాబట్టి బండి మోడల్ కన్నా క్యాలిపర్‌ని నమ్మండి.

నిపిల్ ఉన్నదా, సీలుదా? నిపిల్ రకంలో గ్రీసు వెళ్లడానికి క్రాస్ లోపల రంధ్రం ఉంటుంది, ఆ మేరకు బలం కొంచెం తగ్గుతుంది. బురదలో, వాగుల్లో తిరిగే బండికి మాత్రం అదే మేలు. పాత గ్రీసుతోపాటు నీటినీ మట్టినీ బయటికి నెట్టేయొచ్చు. సీలు రకంలో నీరు చొరబడిందా, ఇక దానికి చికిత్స లేదు. గ్రీస్ గన్ పట్టే అలవాటు లేనివాళ్లకు 5-1310ఎక్స్ సరిపోతుంది. అలవాటున్నవాళ్లు మూడు చోట్లా 5-153ఎక్స్ వేసుకోవచ్చు, కాకపోతే డబుల్ కార్డన్ లోపల నిపిల్‌ని గన్ అందే వైపు తిప్పి బిగించాలి. ఇది మరిచిపోతే మళ్లీ విప్పడం తప్ప దారి లేదు. సెంటరింగ్ కిట్ దగ్గర మాత్రం ఈ చర్చ అనవసరం, గ్రీసు పెట్టే రకమే తీసుకోండి.

ఆ కిట్ చిన్న యోక్‌లా ఉంటుంది. మధ్యలో బాల్, సీటు, వెనక స్ప్రింగు. దాని రెండు చెవుల్లోంచి క్రాస్ కాళ్లు దూరతాయి, ఎదుటి యోక్ నుంచి వచ్చే పిన్ బాల్ రంధ్రంలో కూర్చుంటుంది. రెండు క్రాస్‌లూ వంపును సమంగా పంచుకునేలా చూసేది ఇదే. గ్రీసు ఎండిపోతే బాల్ పట్టేసి పిన్నును కోసేస్తుంది. కిట్‌తో ఆ పిన్ రాదు. అందుకే కిట్ కొనేముందే జాయింట్ విప్పి పిన్ను మీద గోరు గీసి చూడాలి. గోరుకు గాడి తగిలినా, తుప్పు గుంటలు కనిపించినా కొత్త కిట్ పెట్టి లాభం లేదు, ఆ యోక్ కూడా మార్చాలి. రెండూ కలిపితే కొత్త షాఫ్ట్ ఖరీదుకు దగ్గరగా వస్తుంటే మొత్తం షాఫ్టే తీసుకోవడం తెలివైన పని.

విప్పే ముందు ఫ్లాంజ్, మధ్య యోక్, ట్యూబ్, స్లిప్ యోక్ (షాఫ్ట్ పొడవు పెరిగి తగ్గేలా పళ్ల మీద జారే భాగం) అన్నిటికీ పెయింటుతో గుర్తులు పెట్టాలి. స్లిప్ యోక్‌ని ఒక్క పన్ను తప్పించి దూర్చినా వైబ్రేషన్ వస్తుంది, అప్పుడు తప్పంతా కొత్త క్రాస్‌ల మీదికి పోతుంది. పినియన్ స్ట్రాప్ బోల్టులకు 8 మి.మీ. ఆరు పలకల సాకెట్ వాడండి, పన్నెండు పలకలది తలలను గుండ్రం చేసేస్తుంది.

కప్పులను బెంచ్ వైస్‌తో నెట్టాలి, సుత్తితో కాదు. సర్‌క్లిప్‌లు (కప్పు జారకుండా పట్టే రింగులు) తీశాక ఒకవైపు కప్పు కన్నా సన్న సాకెట్, ఎదురుగా కప్పు లోపలికి పట్టేంత పెద్ద సాకెట్ పెట్టి బిగిస్తే కప్పు బయటికొస్తుంది. సుత్తి దెబ్బకు యోక్ చెవి వంగితే కొత్త కప్పు ఎన్నటికీ సూటిగా కూర్చోదు. పాత క్రాస్ కాళ్లను తుడిచి చూడండి. కప్పు లోపలి సన్న సూది రోలర్లు ఒకే చోట అచ్చు గుద్దినట్టు గాడులు పెట్టి ఉంటే గ్రీసు అందలేదనైనా, జాయింట్ దాదాపు వంపు లేకుండా తిరిగిందనైనా అర్థం. సూదులు దొర్లాలంటే ఏ జాయింట్‌కైనా కనీసం అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ వంపైనా ఉండాలి.

బిగించేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు ఒక్క సూది కప్పు అడుగున అడ్డం పడటం. సర్‌క్లిప్ గాడి సగమే కనిపిస్తుంది, క్లిప్పు కూర్చోదు. అక్కడ వైస్‌ని ఇంకా బిగిస్తే కప్పు పగులుతుంది. బయటికి తీసి, సూదులను గ్రీసుతో గోడకు అంటించి మళ్లీ మొదలుపెట్టాలి. ఎదుటి కప్పు ఎక్కేదాకా క్రాస్‌ని వేలితో ఇటువైపు కప్పులోకి నెట్టి పట్టుకుంటే సూదులు జారవు. నాలుగు క్లిప్పులూ కూర్చున్నాక జాయింట్ బిగుతుగా ఉంటే యోక్ చెవుల మీద ఇత్తడి సుత్తితో ఒకటి రెండుసార్లు తట్టండి, కప్పులు క్లిప్పుల మీదికి జరిగి క్రాస్ సాఫీగా ఆడుతుంది. సెంటరింగ్ కిట్‌ని రెండో క్రాస్ కప్పులు నొక్కే ముందే మధ్య యోక్‌లో పెట్టాలి, స్ప్రింగు తన చోట సరిగా ఉందో లేదో చూసుకోవాలి.

స్ట్రాప్ బోల్టులు 19 న్యూటన్ మీటర్లు, అంటే 14 ఫుట్ పౌండ్లు చాలు. చెయ్యి ఊరుకోక ఇంకా బిగిస్తే స్ట్రాప్ సాగుతుంది, కప్పు వంకర పోతుంది. పాత స్ట్రాప్‌లు అప్పటికే సాగి ఉంటాయి కాబట్టి వాటితో సరిపెట్టొద్దు.

గ్రీసు ఎన్‌ఎల్‌జీఐ 2 గ్రేడు (గట్టిదనాన్ని చెప్పే అంకె), ఈపీ (అధిక ఒత్తిడిని తట్టుకునే) లిథియం కాంప్లెక్స్. క్రాస్ నాలుగు సీళ్ల దగ్గరా కొత్త గ్రీసు కనిపించేదాకా కొట్టాలి, ఒక్కచోట రాకపోతే షాఫ్ట్‌ని కాస్త అటూఇటూ కదిలించి మళ్లీ కొట్టాలి. స్లిప్ యోక్‌కి మాత్రం రెండు మూడు స్ట్రోకులే. ఎక్కువ నింపితే గ్రీసు ద్రవంలా అడ్డుకొని షాఫ్ట్ కుదించుకోలేక ట్రాన్స్‌ఫర్ కేస్ బేరింగు మీద ఒత్తిడి పెడుతుంది. సెంటరింగ్ బాల్ దగ్గరున్న నిపిల్‌కి మామూలు గన్ మూతి పట్టదు, సన్న సూది మూతి కావాలి. షాఫ్ట్‌ని ఒక్క కోణంలో తిప్పితేనే అది అందుతుంది. కిట్‌తోపాటే ఆ మూతిని కూడా కొనేయండి, లేకపోతే గ్రీసు పెట్టే రకం కిట్ వేసి కూడా గ్రీసు పెట్టకుండా వదిలేసినట్టే. నీళ్లలో దిగిన ప్రతిసారీ, లేదంటే ఇంజిన్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ దానికి ఒక స్ట్రోకు చాలు.